నమూనా డీజిలు ఇంజన్లు: కొలతల నిజానిజాలు

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు విన్న చెవులతోనే ఇంజన్ల కొలతలు వినవలసి రావడం మీకు కొంచెం ఇబ్బందే. కాని ఈ ప్రసంగానికి కారణం మీరందరూ ఎరిగినదే. నిరుడు మన పిల్లల ప్రదర్శనలో రెండు నమూనా ఇంజన్లు పక్కపక్కన పెట్టారు. రెంటికీ డబ్ల్యు డి ఎం 2 అనే పేరు. ఒకటి కొని తెచ్చినది. పట్టాలమీద తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. రెండోది తొమ్మిదో తరగతి అమ్మాయి అట్టతో చేసినది, కదలదు. బహుమతి కదిలేదానికి పోయింది. ఆ తరువాత రెండు కుటుంబాలవారూ నాలుగు నెలలు ఒకరింటికి ఒకరు రాలేదు. పరాయి రాష్ట్రంలో నలుగురం కలిసి ఉండటానికే కదా ఈ సంఘం పెట్టుకొన్నది! అందువల్ల ఈసారి పోటీకి ముందే, నమూనా కొలత సరియైనదా కాదా అని చూచే పద్ధతి చెప్పమని కార్యవర్గంవారు నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. మెట్రిక్ చదివి రైల్వేలో పార్సెళ్ళ దగ్గర గుమాస్తాగా ఉన్నాను. అయితే పెట్టె మీద ఏమి రాసి ఉన్నా, మనం కొలిచి తూచిన తరువాతనే రసీదు రాయాలి అనేది మా పనిలో మొదటి పాఠం. ఇక్కడ కూడా అదే పనికి వస్తుంది.

ముందు అసలు ఇంజను సంగతి. డబ్ల్యు డి ఎం 2 అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపకల్పన. 1962లో మొదటివి ఓడలమీద వచ్చినవి. 1964 నుంచి వారణాసి డీజిలు కార్ఖానాలో మనవాళ్ళే కట్టసాగారు. 2600 గుర్రాల శక్తి, ఆరు ఇరుసులు, 112.8 టన్నుల బరువు. కొన్ని దశాబ్దాలపాటు మెయిలునూ గూడ్సునూ ఒక్క తీరుగా లాగినది ఇదే. ఇప్పుడు దాని రోజులు అయిపోయినవి. మన ధర్మపురి మార్గంమీద కూడా విద్యుత్తు తీగలు వచ్చినవి. వారణాసి కార్ఖానా పేరులోనుంచే 2020లో డీజిలు అన్న మాట పోయింది. దిల్లీ రైలు మ్యూజియంలో 18040 నెంబరు ఇంజనును నిలిపి ఉంచారు గాని, తక్కినవి చాలా మటుకు తుక్కు కింద పోయినవి. అంటే ఇకమీదట మన పిల్లలు ఈ ఇంజనును ఎక్కువగా చూచేది బల్లమీది బొమ్మలోనే. బొమ్మ తప్పైతే వాళ్ళ మనసులో ఇంజనే తప్పుగా నిలిచిపోతుంది. అందుకే దీన్ని నేను పిల్లలాట అనుకోను.

నమూనాలవాళ్ళు ఎక్కువగా వాడే కొలత హెచ్ ఓ. ఓ అనే పాత కొలతలో సగం కనుక ‘హాఫ్ ఓ’ అని ఆ పేరు. నిజమైన అడుగుకు బొమ్మమీద మూడున్నర మిల్లీమీటర్లు. లెక్క కడితే 87వ వంతు. పొడవైనా, వెడల్పైనా, ఎత్తైనా 87తో భాగించవలసినదే. భాగించడం అయిదో తరగతి లెక్క. దేన్ని భాగించాలి అన్నచోటనే పెద్దవాళ్ళు కూడా తడబడతారు.

ఉదాహరణకు పొడవు చూడండి. మన ఇంజనుకు రెండు పొడవులు ఉన్నవి. బఫరు దూలం నుంచి బఫరు దూలానికి 15,862 మి.మీ. బఫర్ల కొసనుంచి కొసకు 17,120 మి.మీ. మొదటిదాన్ని 87తో భాగిస్తే 182. రెండోదాన్ని భాగిస్తే 197. నడుమ తేడా పదిహేను మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పు కంటె తక్కువేమీ కాదు. ఒకరు 182 అని, ఇంకొకరు 197 అని పోట్లాడుకొంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. మొదటి అంకెను మొత్తం పొడవు అనుకొని, బఫర్లతో సహా అందులో ఇరికించిన బొమ్మలు కూడా ఉంటవి. అప్పుడు ఇంజను నూటికి ఏడు వంతులు కుంచించుకుపోతుంది. కనుక న్యాయనిర్ణేత స్కేలు తీయకముందే అడగవలసిన మాట: ఏ కొసనుంచి ఏ కొసకు?

ఇక పట్టాల మధ్య దూరం, అంటే గేజి. మన ధర్మపురి మూడు గేజులు చూసిన ఊరు. 1906లో మొరప్పూరు నుంచి వచ్చిన చిన్న లైను రెండున్నర అడుగులది, 762 మి.మీ. యుద్ధకాలంలో, 1941లో, దాన్ని మూసివేశారు. తరువాత వచ్చిన సేలం–బెంగుళూరు లైను మీటరు గేజి, 1000 మి.మీ. 1990ల దశకంలో అది బ్రాడ్ గేజిగా మారింది, 1676 మి.మీ. ఈ మూడింటినీ 87తో భాగిస్తే 8.76, 11.5, 19.26 వస్తవి. బజారులో తయారుగా దొరికే నమూనా పట్టాలు 9, 12, 16.5 మి.మీ.వి. చమత్కారం చూశారా? పోయిన రెండు లైన్లకూ పట్టాలు దాదాపు సరిపోతవి. రోజూ మనం ఎక్కి దిగే లైనుకే సరిపోవు.

కారణం ఏమంటే, 16.5ను 87తో హెచ్చవేస్తే 1435 వస్తుంది. అది ఐరోపాలోనూ అమెరికాలోనూ వాడే గేజి. నమూనాలు చేసే పెద్ద కంపెనీలు వాళ్ళ రైళ్ళకోసమే పట్టాలు చేసినవి, మన బ్రాడ్ గేజి వాళ్ళ లెక్కలో లేదు. ఆ పట్టాలమీద మన ఇంజనును నిలబెడితే చక్రాల మధ్య 2.76 మి.మీ. తక్కువ. నిజమైన ఇంజనులో అది సుమారు తొమ్మిదిన్నర అంగుళాలు. ఎదుటినుంచి చూస్తే, లావుపాటి మనిషి సన్నకాళ్ళమీద నిలబడినట్టు ఉంటుంది.

దీనికి మనమే కాదు, ఇంగ్లీషువాళ్ళు కూడా బాధితులే. వాళ్ళ ఇంజన్లు సన్నవి. వెనుకటి మోటార్లు అందులో పట్టలేదు. అందుకని ఒంటిని అడుగుకు నాలుగు మిల్లీమీటర్లకు పెంచి, పట్టాలను మాత్రం 16.5 దగ్గరే ఉంచారు. ఆ తేడా సహించలేనివాళ్ళు అక్కడ 18.83 మి.మీ. పట్టాలు తామే చేత్తో వేసుకొంటున్నారు. మనలోనూ ఎవరైనా 19.26 మీద లైను వేస్తే నేను లేచి నమస్కారం చేస్తాను. కాని అందరినీ అట్లా చేయమనడం న్యాయం కాదు. పుణేలో 1998లో తెరచిన జోషిగారి చిన్న రైళ్ళ మ్యూజియం కూడా హెచ్ ఓ కొలతదే. వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు.

కనుక గేజి తగ్గినందుకు మార్కులు కోయనక్కరలేదు. ఆ తగ్గుదలను చేసినవారు ఎక్కడ ఆపారు అన్నది చూడాలి. నిపుణుడు చక్రాలను మాత్రమే లోపలికి జరిపి, బోగీ పక్క చట్రాలనూ బఫర్లనూ అసలు వెడల్పులోనే ఉంచుతాడు. మన బ్రాడ్ గేజి బఫర్ల నడిబిందువుల మధ్య 1956 మి.మీ.; బొమ్మమీద ఇరవైరెండున్నర. పట్టాలకు తగినట్టు బఫర్లను కూడా దగ్గరికి లాగితే ఒక తప్పు రెండు తప్పులైనట్టే. బఫర్ల ఎత్తు పట్టాల పైనుంచి 1030కీ 1105కీ మధ్య ఉండాలని రైల్వే నియమం. బొమ్మమీద సుమారు పన్నెండు, పన్నెండున్నర. ఈ రెండు కొలతలూ పదేళ్ళ పిల్లవాడు కూడా స్కేలుతో చూడగలడు.

చక్రం అంచును చూసి కొందరు మొగం చిట్లిస్తారు. నిజమే, మామూలు హెచ్ ఓ చక్రం 2.79 మి.మీ. వెడల్పు, 87తో హెచ్చవేస్తే 243 అవుతుంది. మన అసలు చక్రం 127 మి.మీ. మాత్రమే. అంచు లోతు కూడా దాదాపు రెండింతలు. కాని దీన్ని నేను క్షమిస్తాను. బ్రాడ్ గేజిలో వంపు పది డిగ్రీలు దాటకూడదు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. బొమ్మమీద రెండు మీటర్లు. మన ఇళ్ళల్లో బల్లమీద వేసే వంపు పద్దెనిమిది అంగుళాలు. అంత ఇరుకులో తిరగాలంటే సన్నంచు చక్రం పట్టా దిగిపోతుంది. నడిచే బొమ్మకు అది తప్పనిసరి. నిలబెట్టి చూపే బొమ్మకు అదే మోటు అంచు ఉంటే మాత్రం ఎందుకని అడగవలసిందే.

చక్రం వ్యాసం 1092 మి.మీ.; బొమ్మమీద పన్నెండున్నర. అంచును వదిలి, పట్టామీద దొర్లే భాగాన్నే కొలవాలి. అసలు చక్రమే అరుగుతుంది, షెడ్డులో లేతుమీద తిప్పిస్తారు, కాబట్టి పావు మిల్లీమీటరు తగ్గితే అది తప్పు కింద రాయవద్దు. ఇంకొక మాట: 197 మి.మీ. పొడవులో ఒక మిల్లీమీటరు తేడా నూటికి అర వంతు. అదే మిల్లీమీటరు చక్రంలో పోతే నూటికి ఎనిమిది. తేడాను మిల్లీమీటర్లలో కాక వంతులలో చూడాలి. చేతికమ్మీ 0.8 మి.మీ. లావు ఉంటే సన్నగానే ఉన్నదనుకొంటాము. నిజమైన ఇంజను మీద అది 70 మి.మీ. దుంగ. డ్రైవరు దాన్ని పట్టుకొని ఎక్కలేడు.

కొలత అంతా సరిపోయినా ఇంజను పోలిక రాని బొమ్మలు ఉంటవి. బల్లమీది బొమ్మను మనం మిద్దెమీదనుంచి చూసినట్టు చూస్తాము. నిజమైన ఇంజనును ప్లాటుఫారం మీద నిలబడి చూశాము. కనుక వంగి, కన్ను పట్టాలకు ఒక అంగుళం పైన పెట్టి చూడండి. అప్పుడు కిటికీల ఎత్తు, పొట్టి హుడ్డు అంచుల గుండ్రం, బోగీ, అన్నీ బయటపడతవి. ఆల్కో బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానం కావు. నడి ఇరుసు ఒక పక్కకు జరిగి ఉంటుంది. సమానంగా పెట్టిన బొమ్మ ఎంత బాగున్నా షెడ్డులో పనిచేసినవాడి కంటికి వెంటనే తెలిసిపోతుంది.

నిరుటి రెండు ఇంజన్లనూ ఉభయుల అనుమతితో మొన్న కొలిచాను. కొన్నది అమెరికా ఆల్కో ఇంజను ఒకటి; దానికి మన రంగు వేసి బఫర్లు అతికించారు. అమెరికా ఇంజనుగా దాని గేజి చక్కగా సరిపోయింది, మన ఇంజనుగా ముక్కూ పొడవూ రెండూ సరిపోలేదు. రంగు పని, అక్షరాలు మాత్రం ముద్దుగా ఉన్నవి. కొన్న తండ్రిది తప్పు లేదు. పెట్టెమీద రాసినది ఆయన నమ్మాడు. అమ్మాయి అట్ట ఇంజను 197కు అర మిల్లీమీటరు తక్కువ, బఫర్లు అచ్చంగా ఇరవైరెండున్నర. గుత్తి డీజిలు షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన తాతగారి పాత డైరీలోనుంచి ఆ కొలతలు తీసుకొన్నదట. ఆ డైరీలో ఇరుసుల మధ్య దూరం లేదు. అందువల్ల అమ్మాయి సమానంగా పంచింది, అక్కడ తప్పింది. ఇద్దరికీ ఈ లెక్క చూపించాను. ఇద్దరూ కాగితం తీసుకొని వెళ్ళారు.

మార్కుల సంగతి. అమెరికాలో 1935లో ఏర్పడిన నమూనా రైళ్ళ జాతీయ సంఘంవారు 125కు లెక్కిస్తారు: నిర్మాణానికి 40, చిల్లర వివరాలకు 20, అసలుకు అనుగుణంగా ఉన్నందుకు 25, రంగుకూ అక్షరాలకూ 25, మొదటినుంచి స్వయంగా చేసినందుకు 15. ఎనభై ఏడున్నర వస్తే యోగ్యతాపత్రం. (87 ఇక్కడ కూడా తగలడం కాకతాళీయమే.) నా మనవి ఏమంటే, మన పోటీలో అసలుకు అనుగుణతను 40కి పెంచి, నిర్మాణాన్ని 25కు దించాలి. ఇనుపచక్రం, మోటారు కొనగలిగిన ఇంటికీ అట్ట, జిగురు మాత్రమే ఉన్న ఇంటికీ కొలత ఒక్కటే కదా.

ఈసారి ప్రతి నమూనా పక్కన ఒక కార్డు ఉండాలి. ఏ తరగతి ఇంజను, ఏ నెంబరు, ఏ సంవత్సరపు రూపం, ఏ వంతు, ఏ గేజి, కొలతలు ఎక్కడివి, ఈ ఆరూ అందులో రాయాలి. గేజి తగ్గించామని కార్డులో రాస్తే అది లోపం కింద రాదు, రాయకపోతే వస్తుంది. సంవత్సరం ఎందుకంటారేమో. జంబో అని పిలిచే కొన్ని డబ్ల్యు డి ఎం 2 ఇంజన్లకు పొట్టి హుడ్డు వెడల్పుగా, కిటికీలు పెద్దవిగా ఉంటవి. మామూలు ముక్కు పెట్టి జంబో నెంబరు వేస్తే అది ఏ ఇంజనూ కాదు. ఫోటో ఉంటే కార్డుకు గుచ్చండి. ఉక్కు స్కేలు, వెర్నియరు రెండూ బల్లమీదనే పెడతాను. కొలిచేటప్పుడు చేసినవాళ్ళు పక్కన నిలబడి అంకె తామే చదవవచ్చు. పేర్లు రేపు సాయంత్రం ఆరు గంటలలోగా కార్యదర్శిగారికి ఇవ్వవలసినది.

సెలవు.