కొండ మీద కెమెరా



ఎత్తయిన పర్వతాలు ఎక్కే సాహసయాత్రల మీద తీసిన డాక్యుమెంటరీ చిత్రాల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఇలాంటి చిత్రం టీవీలో వస్తే మనం కాసేపు చూస్తాం. మంచు బాగుందనీ, ఎక్కినవాళ్లది గుండె ధైర్యమనీ అనుకుంటాం. అంతటితో వదిలేస్తాం. కానీ వీటిని కళగా చూడటం మొదలుపెడితే కనిపించేది చాలా ఉంది. అందుకు రెండు ప్రశ్నలు చాలు: ఈ దృశ్యం తీసినప్పుడు కెమెరా ఎక్కడుంది? దాన్ని అక్కడిదాకా ఎవరు మోశారు?

1924 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడాది బ్రిటిష్ బృందం టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు మీదికి వెళ్లింది. వాళ్లతో పాటు వెళ్లిన కెప్టెన్ జాన్ నోయెల్ 'ది ఎపిక్ ఆఫ్ ఎవరెస్ట్' అనే మూకీ చిత్రం తీశాడు. శిఖరం దాకా కెమెరా వెళ్లే వీలు లేదు. అందుకని దూరాన్ని దగ్గరికి లాగే పెద్ద లెన్సు బిగించి, మైలుకు పైగా దూరం నుంచి తీశాడు. తెర నిండా తెల్లటి వాలు. దాని మీద నలకల్లా రెండు మూడు నల్లటి చుక్కలు. కాస్త కదిలాక గానీ అవి మనుషులని మనకు తెలియదు. కొండను తెర మీదికి తేవడంలో ఉన్న మొదటి కష్టం ఇక్కడే అర్థమవుతుంది. నిటారుగా ఉన్న వాలు కూడా ఎదురుగా తీస్తే చదునుగా కనిపిస్తుంది. పక్కన మనిషి ఉంటేనే కొండ ఎంతటిదో కంటికి అందుతుంది. నోయెల్ ఆ సంగతి తొలిరోజుల్లోనే పట్టుకున్నాడు.

జూన్ 8న ఆ బృందంలోని జార్జ్ మాలరీ, ఆండ్రూ ఇర్విన్ శిఖరం వైపు వెళ్లి మళ్లీ రాలేదు. పై శిబిరంలో ఉన్నవాళ్లు కిందివాళ్లకు కబురు తెలియడానికి మంచు మీద దుప్పట్లను శిలువ ఆకారంలో పరిచారు. ఇక ఆశ లేదని ఆ గుర్తుకు అర్థం. నోయెల్ దాన్ని కూడా అంత దూరం నుంచే తీశాడు. కన్నీళ్లు పెట్టే ముఖం లేదు, మాట లేదు. మంచు మీద చిన్న గుర్తు, అంతే. చావు కబురును ఇంత నిగ్రహంగా చెప్పిన దృశ్యాలు సినిమాలో బహు తక్కువ. మాలరీ దేహం 1999లో దొరికింది. ఇర్విన్ పేరు కుట్టిన మేజోడు, బూటు 2024లో బయటపడ్డాయి. వాళ్లు వెంట తీసుకెళ్లిన చిన్న కెమెరా మాత్రం నేటికీ దొరకలేదు. అందుకే వాళ్లు శిఖరం చేరారా లేదా అన్నది తేలలేదు.

1953లో వచ్చిన 'ది కాంక్వెస్ట్ ఆఫ్ ఎవరెస్ట్' సంగతి వేరు. హిల్లరీ, టెన్జింగ్ మే 29న శిఖరం మీద నిలిచారు. అక్కడ సినిమా కెమెరా లేదు. హిల్లరీ తీసిన టెన్జింగ్ ఫోటో ఉంది గానీ, కదిలే బొమ్మ లేదు. కథకు పతాక సన్నివేశమే లేకపోతే దర్శకుడు ఏం చేయాలి? ఈ చిత్రం వాళ్లు దిగి రావడాన్ని చూపిస్తుంది. కింద నాయకుడు జాన్ హంట్, మిగతా బృందం ఎదురుచూస్తుంటారు. పైనుంచి మనుషులు అలసిపోయి, తలలు వంచుకుని వస్తున్నారు. ఓడిపోయారేమో అనిపిస్తుంది. ఇంతలో వాళ్లతో వస్తున్న జార్జ్ లో అనే సహచరుడు మంచుగొడ్డలి ఎత్తి శిఖరం వైపు చూపిస్తాడు. అంతే, హంట్ పరుగున వెళ్లి ఇద్దర్నీ కావలించుకుంటాడు. ఆ ఆనందం మనల్ని తాకేది, అంతకు ముందు మనం కూడా వాళ్లతో పాటు ఎదురుచూశాం కనుకే. పై ఎత్తుల్లో చాలా భాగం తీసింది కూడా ఆ జార్జ్ లోనే. చిత్రీకరణకు వచ్చిన టామ్ స్టోబార్ట్ వెళ్లలేని చోట్లకు ఆయన కెమెరా తీసుకెళ్లాడు.

1996లో డేవిడ్ బ్రెషర్స్ బృందం భారీ ఐమాక్స్ కెమెరాను ఏకంగా ఎవరెస్టు శిఖరం మీదికే చేర్చింది. ఒక్కో రీలు సుమారు 90 సెకన్లలో అయిపోతుంది. 8,000 మీటర్లు దాటాక ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతే. అలాంటి చోట వేళ్లు గడ్డకడుతుంటే రీలు మార్చాలి. ఆ బృందం తీసిన చిత్రంలో ప్రతి షాటూ అంత లెక్కగా ఎంచుకున్నదే.

2015లో వచ్చిన 'మేరు'లో ఎక్కేవాళ్లే కెమెరా పట్టారు. గంగోత్రి పైన ఉన్న మేరు శిఖరం మీదికి ముగ్గురు 2008లో వెళ్లి, తుపానులో చిక్కి, శిఖరం ఇంకో వంద మీటర్లు ఉందనగా వెనుదిరిగారు. 2011లో మళ్లీ వెళ్లి సాధించారు. రాతిగోడకు వేలాడే గుడారంలో, చేతికందే దూరంలో తీసిన ముఖాలు ఇందులో కనిపిస్తాయి. నోయెల్ చిత్రంలో చుక్కగా ఉన్న మనిషికి ఇక్కడ పగిలిన పెదవులు, గడ్డానికి పట్టిన మంచు కూడా ఉన్నాయి.

జెన్నిఫర్ పీడమ్ తీసిన 'షెర్పా' కూడా 2015లోనే వచ్చింది. ఎవరెస్టు యాత్రను, సామాను మోసి తాళ్లు కట్టే షెర్పాల వైపు నుంచి చూపాలని ఆమె 2014లో అక్కడికి వెళ్లింది. అప్పటికి ఫుర్బా తాషీ అనే షెర్పా 21 సార్లు శిఖరం ఎక్కాడు. ఇంకొక్కసారి ఎక్కితే ప్రపంచ రికార్డు. ఇంట్లోవాళ్లు మాత్రం వద్దంటున్నారు. ఏప్రిల్ 18న ఖుంబూ ఐస్‌ఫాల్ దగ్గర మంచుచరియలు విరిగిపడి, అక్కడ పనిచేస్తున్న 16 మంది నేపాలీలు చనిపోయారు. ఆ తర్వాత కథ శిఖరం వైపు వెళ్లదు. శిబిరంలో జరిగే వాదనల మీద, షెర్పాల కోపం మీద, ఇక ఎక్కబోమన్న నిర్ణయం మీద నిలుస్తుంది. అనుకున్న కథ చెదిరిపోయినప్పుడు, కళ్ల ముందు జరుగుతున్నదాన్నే కథగా గుర్తించడం డాక్యుమెంటరీ దర్శకులకు ఉండాల్సిన గొప్ప గుణం. పీడమ్‌లో అది పుష్కలంగా ఉంది.

ఆ 2014లోనే మే 25న మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. మనమంతా గర్వపడ్డాం. 'షెర్పా' చూస్తే ఆ గర్వం ఏమాత్రం తగ్గదు. శిఖరం కింద తాళ్లు కట్టినవాళ్లు, సామాను మోసినవాళ్లు ఎందరుంటారో తెలిసి, మన పిల్లలు చేసిన పని ఇంకా బాగా అర్థమవుతుంది.

ఈ చిత్రాలు చూసేటప్పుడు చెవులకూ పని చెప్పండి. ఆ గాలిలో మైకు సరిగ్గా పనిచేయడం కష్టం. అందుకని చాలా శబ్దాలు తర్వాత స్టూడియోలో చేరుస్తారు. అది తప్పేమీ కాదు. అయితే, ప్రమాదం వచ్చినప్పుడల్లా వాద్యాలు హోరెత్తిస్తున్నారా, లేక మనిషి ఊపిరిని మనకు విననిస్తున్నారా అన్నది గమనించండి. నిబ్బరం ఉన్న దర్శకులు ఊపిరినే నమ్ముకుంటారు.

వీలైతే 'ది ఎపిక్ ఆఫ్ ఎవరెస్ట్', 'షెర్పా' చిత్రాలను ఒకే వారంలో చూడండి. మొదటి దానిలో బరువులు మోసేవాళ్లు వరసగా నడిచిపోతారు. రెండో దానిలో వాళ్లు పేర్లతో, ఇళ్లతో, కోపంతో మన ఎదుట కూర్చుని మాట్లాడతారు. ఆ రెండింటికీ మధ్య 91 ఏళ్లు. కెమెరాలు తేలికయ్యాయి, లెన్సులు మెరుగయ్యాయి. కానీ ఈ కళ నిజంగా ఎదిగింది ఎవరిని చూడాలో నేర్చుకోవడంలోనే. మీరు చూడబోయే ప్రతి పర్వత చిత్రాన్నీ ఆ కొలతతోనే కొలవండి.