ఇంటి ముంగిట విజ్ఞాన పాఠం: స్వల్ప వ్యయంతో పాఠ్యక్రమ నిర్ణయం

(ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇరుగుపొరుగున వేరొక భాష వినవచ్చే ఊరిలో ఒక తెలుగు బడి డెబ్బయి అయిదు సంవత్సరాలు నిలిచినదంటే, అందుకు ఇళ్లలో తెలుగును నిలిపిన తల్లిదండ్రులే మూలకారణం. కావున ఈనాటి ప్రసంగం బడిని గురించి గాక ఇంటిని గురించి సాగడం సముచితం. 2020 మార్చిలో బడులు మూతపడినపుడు ప్రతి ఇల్లూ పాఠశాల కావలసి వచ్చింది. బడులు తెరిచిన పిదప కూడా చిన్నపిల్లలకు ఇంటనే చదువు చెప్పుకొంటున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బిడ్డను బడికి పంపుతూనే సాయంవేళ తామే బోధించే తల్లులు అనేకులు.

కథలు, లెక్కలు చెప్పడానికి వీరెవ్వరూ జంకరు. విజ్ఞానశాస్త్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం వెనుకాడతారు. అంగడిలో రంగురంగుల ప్రయోగపు పెట్టెలు కనిపిస్తాయి. కొంటే నెల ఖర్చు తారుమారవుతుంది; కొనకపోతే బిడ్డకు అన్యాయం చేసినట్లు మనసు పీకుతుంది. ఈ మనోవ్యథకు కారణం లేదని విద్యాచరిత్రయే చెబుతున్నది.

రెండవ ప్రపంచయుద్ధంలో అనేక దేశాల పాఠశాలలు నేలమట్టమయ్యాయి. ప్రయోగశాలలు లేని ఆ బడుల కోసం జె.పి. స్టీఫెన్‌సన్ అనే ఆంగ్ల ఉపాధ్యాయుడు రచించిన చిన్న గ్రంథాన్ని 1948లో యునెస్కో ప్రకటించింది. చేతికందిన సామాన్య వస్తువులతో శాస్త్రం బోధించవచ్చునన్నదే దాని సారాంశం. దానిని ఆధారం చేసుకొని 1956లో వెలువడిన పెద్ద గ్రంథం ప్రపంచమంతటా ఉపాధ్యాయులకు కరదీపిక అయినది. మన దేశంలో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలలలో ఇటువంటి ప్రయత్నమే మొదలై, 1978లో జిల్లా అంతటికీ వ్యాపించింది. పిల్లలు పాఠాన్ని వల్లె వేయక, తామే ప్రయోగం చేసి, చూచినది వ్రాసి, చర్చించి నేర్చుకొన్నారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసినా, దాని ప్రభావం నిలిచే ఉన్నది. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారు ఆ కార్యక్రమంతో సంబంధం గలవారే. వారి పుస్తకాలు అనేకం అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నాయి.

ఇక ఎంపిక విషయం. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఒకటి, రెండు తరగతులలో విజ్ఞానాన్ని విడి పాఠ్యాంశంగా ఉంచక భాషలోనూ గణితంలోనూ కలిపింది. మూడు నుండి అయిదు వరకు పరిసరాల విజ్ఞానంగా నిర్ణయించింది. ఆరేళ్ల బిడ్డకు సైన్సు పుస్తకం లేదని చింతించనక్కరలేదు. ఎనిమిదేళ్ల బిడ్డకు ప్రభుత్వ పరిసరాల విజ్ఞానం పుస్తకమే వెన్నెముకగా చాలును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21 నుండి ముద్రించిన ద్విభాషా పుస్తకాలలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లం. అన్య రాష్ట్రాలలోని తెలుగు పిల్లలకు ఈ ఏర్పాటు ఎంతో అనుకూలం. పూర్తిగా ఇంటనే చదివించేవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ప్రాథమిక విద్యలోని ఎ, బి, సి స్థాయిలు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానమని గుర్తుంచుకోవాలి.

ఏదైనా కొనేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. బిడ్డ చేతితో చేయవలసిన పని ఇందులో ఉన్నదా? వస్తువు అయిపోతే వీధి చివరి కొట్టులో దొరుకుతుందా? తమ్మునికి, చెల్లెలికి మళ్లీ పనికివస్తుందా? బిడ్డ ఇంటి భాషలో ప్రశ్న అడగడానికి తావున్నదా? నాలుగింటికీ అవునని సమాధానం రానిదానిని అంగడిలోనే వదలిరావడం మేలు. ఒక భూతద్దం, ఒక అయస్కాంతం, కొలబద్ద, టార్చి సెల్లు, చిన్న బల్బు, ఒక నోటుపుస్తకం, ఇవి చాలు. తక్కినవి వంటింటిలోనే ఉన్నవి.

పసుపునే తీసుకొందురు గాక. పసుపు నీటిలో తడిపి ఆరబెట్టిన కాగితంపై తాంబూలపు సున్నపు తేట చుక్క వేస్తే ఎర్రబారుతుంది; నిమ్మరసం పడగానే తిరిగి పసుపుపచ్చనవుతుంది. పెండ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి రహస్యం ఇదేనని అమ్మమ్మ చెప్పగలదు. సబ్బు నీరు, మజ్జిగ, చింతపులుసు, వీటిలో ఏది ఏ పక్షమో బిడ్డ పట్టిక వ్రాసుకొంటే ఆమ్లక్షారాల తొలి పాఠం పూర్తయినట్లే.

పిడికెడు పెసలు మూడు వయసులకు పాఠం. అయిదేళ్ల బిడ్డ మొలకను చూచి బొమ్మ గీస్తుంది. ఏడేళ్ల బిడ్డ రోజూ కొలిచి వ్రాస్తుంది. తొమ్మిదేళ్ల బిడ్డ ఒక గిన్నెను వెలుతురులో, మరొకదానిని చీకటి బీరువాలో ఉంచి, నీరు మాత్రం సమంగా పోస్తుంది. వెలుగులోనిదే పొడవుగా పెరుగుతుందని అందరూ ఊహిస్తారు. వారం గడిచేసరికి చీకటిలోని మొక్కయే పొడుగ్గా, పాలిపోయి, బలహీనంగా నిలబడి ఉంటుంది. అది వెలుతురు కోసం వెదకుతూ సాగినది. తన ఊహ తప్పినపుడు బిడ్డ ముఖంలో కనిపించే ఆశ్చర్యం ఏ ఖరీదైన పెట్టెలోనూ దొరకదు.

పాఠాల క్రమం ఊరి రుతువును అనుసరించాలి. కన్నడనాట, ఒడిశాలో వానలు ప్రధానంగా జూన్ నుండి సెప్టెంబరు వరకు. తమిళనాడు తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు. వానపాము పాఠం వాన కురిసేనాడే జరగాలి. అట్లే కర్కటరేఖకు దక్షిణాన గల మన ఊళ్లలో ఏటా రెండు రోజులు సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. ఆనాడు నిటారుగా పాతిన కర్రకు మధ్యాహ్నం ఒక్క క్షణం నీడ ఉండదు. దీనికి పైసా ఖర్చు లేదు.

జాగ్రత్తలు మరువరాదు. సున్నం కంట పడరాదు. సూర్యుని సూటిగా చూడరాదు. ఇంటి విద్యుత్తుతో ప్రయోగం కూడదు, సెల్లు మాత్రమే వాడాలి. పెద్దలు పక్కనే ఉండాలి.

చివరిమాట భాషను గురించి. వేపను తమిళుడు వేప్పమరమంటాడు, కన్నడిగుడు బేవంటాడు. రెండు పేర్లూ నోటుపుస్తకంలో పక్కపక్కన వ్రాసుకొన్న బిడ్డ రెండిళ్లలోనూ చుట్టమవుతుంది. అయితే 'ఎందుకు' అన్న తొలి ప్రశ్న తల్లి భాషలోనే పుడుతుంది. దానికి జవాబు తెలియకపోతే తల్లి సిగ్గుపడనక్కరలేదు, బిడ్డను కసరనూ కూడదు. 'తెలియదు, ఇద్దరం చేసి చూద్దాం' అనగల ఇల్లే ఉత్తమమైన ప్రయోగశాల. అటువంటి ఇళ్లు ఉన్నంతకాలం తెలుగు బడికి విద్యార్థుల కొరత రాదు.

స్వస్తి.