బ్రేకులు లేని బండి మీద



మన ఇళ్ళల్లో పిల్లలు క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు కత్తిరించి బీరువా తలుపుకి అంటిస్తూ ఉంటారు. మనం కోప్పడుతూ ఉంటాం. నాకూ అలాంటి బొమ్మల పుస్తకం ఒకటుందంటే మీరు నవ్వుతారు. నలభై దాటిన ఇల్లాలికి ఇదేం సరదా అని మా వారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. అందులో ఉన్నవాళ్ళు క్రికెటర్లూ కారు, సినిమా తారలూ కారు. తోలు బట్టలు తొడుక్కుని, ముఖం నిండా మట్టి కొట్టుకుని, మోటారు సైకిళ్ళ మీద వంకరగా ఒరిగి కూర్చున్న మనుషులు. స్పీడ్‌వే అనే పందెంలో పేరు తెచ్చుకున్న వాళ్ళు. చాలామంది నేను పుట్టకముందు బండి నడిపినవాళ్ళే.

ఈ పిచ్చి నాకెలా పట్టిందో ముందు చెప్పేస్తాను. 2019 వేసవిలో మాంచెస్టరులో ఉన్న మా అక్కయ్య దగ్గర నెల రోజులు ఉన్నాను. వాళ్ళ పక్కింట్లో డెబ్భై ఏళ్ళకి దగ్గర పడిన పెద్దావిడ ఒకరు ఉండేవారు. ఒకరోజు సాయంత్రం ఆవిడ ఫ్లాస్కులో టీ, భుజాన శాలువా, చేతిలో పెన్సిలు పట్టుకుని, "మా ఊరి పందెం చూద్దువుగాని రా" అని నన్ను బయలుదేరదీశారు. మనం హరికథకి వెళ్ళినట్టు ఆవిడ మోటారు సైకిలు పందేనికి వెళుతున్నారు! బెల్ వ్యూ అనే ఆ జట్టు ఆటస్థలానికి వెళ్ళి చూద్దును కదా, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, స్కూలు పిల్లలు, అందరూ సంసారపక్షంగా కూర్చుని ఉన్నారు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న మట్టి బాట. ఒక చుట్టు మూడు వందల మీటర్లు, కాస్త అటూ ఇటూ. నలుగురు మనుషులు నాలుగు చుట్లు తిరగాలి. అంతా కలిపి ఒక్క నిమిషం. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి చక్కెర డబ్బా వెతుక్కునేంత లోపల ఒక పందెం అయిపోతుంది. మొదటివాడికి మూడు పాయింట్లు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, ఆఖరివాడికి సున్నా. పెద్దావిడ పెన్సిలు దేనికో అప్పుడు తెలిసింది. పాలవాడి లెక్క రాసుకున్నట్టు ప్రతి పందేనికీ గళ్ళలో పాయింట్లు వేసుకుంటున్నారు.

అసలు విశేషం బండిలో ఉంది. దానికి ఒకటే గేరు. బ్రేకులు లేవు. అవునండీ, బొత్తిగా లేవు. మలుపు వచ్చినప్పుడు వెనక చక్రాన్ని కావాలనే పక్కకి జారనిస్తారు. బండి ఎడమవైపు తిరుగుతుంటే ముందు చక్రం కుడివైపు చూస్తుంటుంది. ఎడమకాలి బూటు కింద ఇనప చెప్పు కట్టుకుని, ఆ కాలు నేల మీద రాసుకుంటూ పోతారు. వెనక వాళ్ళ మీద మట్టి వాన కురుస్తుంది. "బ్రేకులు లేకపోతే ఇంకా ప్రమాదం కదండీ?" అని అడిగాను. "ముందున్నవాడు గభాలున ఆపితే వెనకవాళ్ళు గుద్దుకోరూ? బ్రేకు లేకపోవడమే వాళ్ళకి రక్షణ" అన్నారావిడ. ఆ మాట నాకు వింతగా తోచింది కాని, ఆలోచిస్తే సబబుగానే ఉంది.

ఇంకో సంగతి వింటే మీకు ఆ ఆట మీద కాస్త అభిమానం కలుగుతుంది. ఆ బండ్లు పెట్రోలు మీద నడవవు, మిథనాల్ మీద నడుస్తాయి. పాతరోజుల్లో ఇంజనుకి వేసే నూనె ఆముదం నుంచి తీసినది. అది కాలిన వాసనంటే పాత అభిమానులు ప్రాణం పెడతారట. మన అమ్మమ్మలు దీపాల్లోకీ, తలకీ, చంటిపిల్లల కడుపునొప్పికీ వాడిన ఆముదమే!

ఈ ఆట పెంపకానికి 1923లో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మెయిట్లండ్ అనే ఊళ్ళో వ్యవసాయ ప్రదర్శన పేరున్న చోటు. జానీ హాస్కిన్స్ అనే ఆయన దానికి పెద్ద. 1928 ఫిబ్రవరిలో లండను పక్కన హై బీచ్ అనే చోటికి వచ్చింది. 1936లో వెంబ్లీలో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. 1994 వరకూ ఆ పోటీ పద్ధతి ఏమిటంటే, ఏడాదంతా వడపోసి పదహారు మందిని మిగుల్చుతారు. వాళ్ళందరికీ ఒకేరోజు ఆఖరి పరీక్ష. ఒక్కొక్కరికి అయిదు పందేలు, గరిష్ఠం పదిహేను పాయింట్లు. ఆ ఒక్క పూట జ్వరం వచ్చినా, బండి మొరాయించినా, మళ్ళీ ఏడాది వరకూ ఎదురుచూడాల్సిందే.

నా పుస్తకంలో మొదటి బొమ్మ బ్లూయీ విల్కిన్సన్‌ది. ఆస్ట్రేలియా మనిషి. 1936 పోటీలో ఆయన అయిదు పందేలూ గెలిచాడు. ఒక్కడి చేతిలో కూడా ఓడలేదు. అయినా కిరీటం రాలేదు. ఆ ఏడు ముందు జరిగిన పోటీల్లో సంపాదించిన పాయింట్లు కూడా కలిపే ఏర్పాటు ఉండటంతో, ఆయన మూడోవాడయ్యాడు. పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాడికి మూడో ర్యాంకు ఇచ్చినట్టు! నేనైతే ఆ రోజే ఆట మానేసి ఉందును. ఆయన మానలేదు. 1938లో మళ్ళీ వచ్చి విజేత అయ్యాడు. ఈయన సంగతి ఇంకొకటి చివర్లో చెబుతాను.

రెండో బొమ్మ ఫే టేలర్ అనే ఐర్లండు అమ్మాయిది. 1904లో పుట్టింది. 1928లో ఈ పందేల్లోకి దిగి మగవాళ్ళతో సరిసమానంగా పోటీపడి గెలిచింది. ఆస్ట్రేలియా, న్యూజీలండ్ వెళ్ళి అక్కడా గెలిచింది. 1930లో బ్రిటన్‌లో ఆడవాళ్ళు ఈ పందేల్లో పాల్గొనకూడదన్నారు. ఓడిపోయినందుకు తీసేస్తే ఒక అర్థముంది, గెలుస్తున్న మనిషిని ఇంటికి పొమ్మన్నారు. ఆవిడ ఇంటికి పోలేదు, మోటారు కార్ల పందేలకి వెళ్ళింది. 1934లో ఐర్లండులో లీన్‌స్టర్ ట్రోఫీ గెలుచుకుంది. యుద్ధకాలంలో ఫాసిస్టుల పక్షం వహించి ఆవిడ నిర్బంధంలో ఉంది. ఆ రాజకీయాలు నాకు ఏమాత్రం నచ్చవు, అలాగని దాచిపెట్టడం ధర్మం కాదు కనుక చెబుతున్నాను. కాని ఆ 1930 నాటి తలుపు మూసిన చప్పుడు మాత్రం మనలో చాలామందికి తెలిసిన చప్పుడే.

ఆ తర్వాత న్యూజీలండు వాళ్ళు. క్రైస్ట్‌చర్చ్ అని ఒక ఊరు. ఆ ఒక్క ఊళ్ళో పెరిగిన ముగ్గురు, రానీ మూర్, బారీ బ్రిగ్స్, ఐవన్ మేజర్, కలిసి పన్నెండుసార్లు ప్రపంచ విజేతలయ్యారు. మూర్ రెండుసార్లు, బ్రిగ్స్ నాలుగుసార్లు, మేజర్ ఆరుసార్లు. ఒకే వీధి బావి నీళ్ళ మహిమ అంటారే, అలాగన్నమాట. వీళ్ళకి గట్టి పోటీ ఇచ్చినవాడు స్వీడన్‌కి చెందిన ఊవె ఫుండిన్. 1956 నుంచి 1967 లోపల అయిదుసార్లు గెలిచాడు.

ఆ ముగ్గురిలో నాకిష్టమైనవాడు మేజర్. 1957లో పదిహేడేళ్ళ కుర్రవాడు, కొత్తగా పెళ్ళయిన పిల్లని వెంటబెట్టుకుని ఇంగ్లండు వచ్చాడు. అనుకున్నట్టు రాణించలేదు. తిరిగి వెళ్ళిపోయాడు. పరాయిదేశంలో ఓడి ఇల్లు చేరడం ఎంత కష్టమో, అందులో భార్యతో చేరడం ఎంత చిన్నతనమో మనం ఊహించుకోవచ్చు. ఆయన అక్కడే పని నేర్చుకుని 1963లో మళ్ళీ వచ్చాడు. 1968, 69, 70 వరసగా మూడేళ్ళు గెలిచాడు. అలా మూడోసారి కూడా గెలిస్తే నీ బండికి బంగారు పూత పూయిస్తామని ఇద్దరు అమెరికా అభిమానులు మాటిచ్చారట, మాట నిలబెట్టుకున్నారు కూడా.

అంతటివాడికీ 1973లో ఒక దెబ్బ తగిలింది. పోలండులో హోజూఫ్ అనే ఊరు. లక్ష పైచిలుకు జనం. మేజర్‌కీ, యెజీ ష్చాకెల్ అనే స్థానికుడికీ సమానంగా పదమూడేసి పాయింట్లు వచ్చాయి. ఇద్దరికీ విడిగా ఒక పందెం పెట్టారు. అందులో మేజర్ పడిపోయాడు. పేరూ ఊరూ పెద్దగా తెలియని ష్చాకెల్ పోలండుకి మొట్టమొదటి ప్రపంచ విజేత అయ్యాడు. మళ్ళీ ఎన్నడూ గెలవలేదు. పోలండుకి ఇంకొక విజేత రావడానికి 2010 దాకా పట్టింది. జీవితంలో ఒక్క సాయంత్రం తనదైతే చాలుననిపిస్తుంది ఆయన బొమ్మ చూస్తే. మరి మేజర్? 1979లో ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో అదే హోజూఫ్‌లో, తాను పడ్డ చోటనే, ఆరోసారి గెలిచాడు. 2018లో కన్నుమూశాడు.

ఇంతవరకూ చెప్పినవి గెలుపుల కబుర్లు. నేను ఈ ప్రసంగం రాయడానికి కూర్చున్నది మాత్రం పీటర్ క్రేవెన్ గురించి చెప్పడానికి.

పొట్టి మనిషి. లివర్‌పూల్‌లో పుట్టాడు. మా పెద్దావిడ జట్టు బెల్ వ్యూ తరఫునే ఆడాడు. 1955లోనూ, 1962లోనూ ప్రపంచ విజేత. బండి మీద తూకం తప్పనివాడని పేరు. 1963 సెప్టెంబరు 20వ తేదీన ఎడిన్‌బరోలో ఒక పందెం. ముందు వెళుతున్నవాడు పడిపోయాడు. బ్రేకు లేని బండి. ఉన్నది రెండే దారులు. ఆ పడ్డవాడి మీదుగా పోవడం, లేదా పక్కకి తిప్పడం. క్రేవెన్ పక్కకి తిప్పి, కంచెకి కొట్టుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రిలో పోయాడు. అప్పటికి ఇరవైతొమ్మిదేళ్ళు.

అప్పుడు పెద్దావిడకి పదమూడేళ్ళు. "మా అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మా నాన్న పాయింట్ల కాగితాలన్నీ కట్టగట్టి అటక మీద పడేశాడు" అని చెప్పారు. నాకు ఉండబట్టక అడిగేశాను. "మనుషులు పోయే ఆటని మళ్ళీ ఎలా వచ్చి చూస్తున్నారండీ? వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు గుండె చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటారు కదా!" ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఒక పందెం అయింది, గళ్ళలో పాయింట్లు వేసుకున్నారు. అప్పుడన్నారు: "రెండేళ్ళు మా నాన్న రాలేదు. తర్వాత ఒకరోజు తనే బయలుదేరాడు. ఎవరూ చూడకపోతే ఆ అబ్బాయి ఏం చేశాడో గుర్తుపెట్టుకునేవాళ్ళు ఎవరు మిగులుతారు అన్నాడు. ఇప్పటికీ ఇక్కడ ఆయన పేర పోటీ పెడుతున్నారు."

ఆ మాటతో నాకు పూర్తిగా సమాధానం దొరికిందని చెప్పను. డెన్మార్కువాడు ఎరిక్ గుండర్సన్ మూడుసార్లు విజేత. 1989లో బ్రాడ్‌ఫర్డ్‌లో మొదటి పందెంలోనే పడి, చావు తప్పి, మళ్ళీ నడవగలిగాడు కాని మళ్ళీ పందెం చేయలేకపోయాడు. ఆయన బొమ్మ అంటించేటప్పుడు నా చెయ్యి ఆగింది. వాళ్ళ కష్టం నాకు వినోదమా అనిపించింది. ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. క్రేవెన్ ఆ క్షణంలో చేసిన పని మాత్రం మరపుకి రాదు. ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు. అప్పటికప్పుడు పుట్టే మంచితనం కాదది, ఎన్నాళ్ళుగానో అలవాటైనది.

బ్లూయీ విల్కిన్సన్ సంగతి చివర్లో చెబుతానన్నాను కదా. ఏళ్ళ తరబడి బ్రేకుల్లేని బండి మీద పందేలు చేసి బతికి బట్టకట్టిన ఆ మనిషి, 1940లో సిడ్నీలో మామూలు రోడ్డు మీద మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

మా అబ్బాయి పోయిన ఏడాది బండి కావాలని పేచీ పెట్టాడు. ముందు వద్దన్నాను. తర్వాత ఆలోచించాను. పందెపు బాట మీద నలుగురూ ఒకేవైపు తిరుగుతారు, నలుగురికీ శిరస్త్రాణం ఉంటుంది, ఎదురు వచ్చేవాడు ఉండడు. మన రోడ్డు మీద అవేమీ లేవు. బండి కొనిచ్చాను కాని, తాళంచెవి హెల్మెట్ లోపలే పెడతాను. అది తీసుకోకుండా ఇది దొరకదు. వాడికి క్రేవెన్ బొమ్మ చూపించి కథంతా చెప్పాను. విని, "అంటే ముందువాడికి దూరంగా నడపాలి, అంతేనా అమ్మా?" అన్నాడు. అంతే నాయనా అన్నాను. వాడు వీధి చివర మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తాను. మీరూ అలాగే నిలబడుతూ ఉండి ఉంటారు.

సెలవు.