పిల్లవాని నోటుపుస్తకపు అట్ట

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠము)



వార్షికోత్సవ దినమున ప్రధానోపాధ్యాయుడు ఉత్తీర్ణుల సంఖ్యను చదివి కూర్చుండుట వాడుక. ఆ లెక్కలు నివేదికలో అచ్చైనవి. నేడు నేను వేరొక దేశపు పాఠశాలలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. అవి మన పిల్లల పుస్తకాల సంచులకు సంబంధించిన మాటలే యని తుదకు మీకే తోచగలదు.

1922 అక్టోబరులో ఇటలీ దేశమున ముస్సోలినీ ప్రధానమంత్రి యయ్యెను. ఆయన ఫాసిస్టు పక్షమువారు పెద్దల నోళ్లను కఱ్ఱలతో, కారాగారములతో మూయించిరి. పిల్లల విషయమున అంత శ్రమ యక్కరలేకపోయెను. వారికి దుస్తులు, పతకములు, రంగుల బొమ్మలు చాలినవి.

1926లో 'బలిల్లా' యను బాలసంస్థను స్థాపించిరి. 1746లో జెనోవా పట్టణమున పరాయి సైనికులపై రాయి రువ్వి తిరుగుబాటునకు నాంది పలికెనని చెప్పుకొను బాలుని పేరది. ఎనిమిదేండ్ల పిల్లవానికి నల్లచొక్కా, నీలిరంగు మెడగుడ్డ, వాని యెత్తునకు సరిపడు చిన్న తుపాకి! ఏ పిల్లవాడు వలదనును?

పిదప పుస్తకముల వంతు వచ్చెను. 1929లో శాసనము చేసి, 1930-31 నుండి ప్రాథమిక తరగతులలో ప్రభుత్వము అచ్చొత్తించిన ఏకవాచకమునే చదివించిరి. నోటుపుస్తకముల అట్టలపై ముస్సోలినీ బొమ్మ వెలసెను. 1935లో ఇథియోపియాపై దండెత్తిన తరువాత ఆ యుద్ధచిత్రములును అట్టల కెక్కెను. ఆ యుద్ధమున విషవాయువును ప్రయోగించిన సంగతి మాత్రము ఏ యట్టపైనను లేదు. మార్కుల పత్రముపై సయితము క్రీస్తుశకము సరసన ఫాసిస్టు శకపు సంవత్సరమును వేసిరి.

ఇందులో నొక మర్మమున్నది. అట్టమీది బొమ్మను ఎవ్వరును పరీక్షలో అడుగరు. కనుక ఏ తండ్రియు దానిని పరిశీలింపడు. పాఠముగా చెప్పిన మాటను పిల్లవాడు ప్రశ్నింపవచ్చును. ఆటతోను, ముచ్చటతోను అబ్బిన అభిప్రాయము వానికి తన స్వంత బుద్ధియే యని తోచును. 1938లో యూదుల పిల్లలను ప్రభుత్వ పాఠశాలలనుండి వెడలగొట్టిన నాడు, పక్క బల్లమీది నేస్తము ఏల రాలేదని అడుగవలసిన పిల్లలు ఇట్టి పుస్తకములతోనే పెరిగినవారు.

ఉపాధ్యాయులు అడ్డుపడలేదా యని మీరడుగవచ్చును. 1931లో విశ్వవిద్యాలయాచార్యులచేత విధేయతా ప్రమాణము చేయించిరి. సుమారు 1200 మందిలో నిరాకరించినవారు ఇంచుమించు పన్నెండుగురు. ఉపాధ్యాయుడనైన నాకు ఇది చెప్పుకొన సిగ్గైన లెక్క.

మనవంటివారు ప్రత్యేకముగ తెలిసికొనవలసిన ఘట్టమొకటి యున్నది. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఇటలీలో చేరిన దక్షిణ టిరోల్ అను కొండసీమలో అత్యధికులు జర్మను భాషీయులు. 1923లో విద్యామంత్రి జెంటీలె తెచ్చిన శాసనముతో అచ్చట జర్మను బోధన తరగతి వెంట తరగతిగా నిలిచిపోయెను. ఒకే కథను నమ్మింపవలెనన్నచో ఒకే భాష యుండుట పాలకులకు అనుకూలము గదా! అప్పుడు మైకేల్ గాంపర్ అను మతాచార్యుని ప్రోత్సాహమున ఇండ్లలోను, కొట్టములలోను రహస్యముగ బళ్లు నడచెను. ఏంజెలా నికొలెట్టి యను యువతి అట్లు చదువు చెప్పి చెరసాలకేగెను. 1930లో పాతికేండ్ల ప్రాయమున క్షయవ్యాధితో మరణించెను.

ఇంతటితో కథ ముగిసినచో మనము గర్వముతో ఇండ్లకు పోవచ్చును. కాని ముగియలేదు. ఆ యణచివేతలో పెరిగిన యువకులలో పలువురు, భాషాభిమానమే ఎరగా, హిట్లరు నాజీ ప్రచారమునకు లొంగిరి. గాంపర్ దానినిగూడ ఎదిరించెను. తల్లిభాషను కాపాడుట యొకటి, దానిని ద్వేషమునకు పనిముట్టు చేయుట మరియొకటి యని ఆయన ఎఱుగును.

ఇక నా తప్పు చెప్పుకొందును. నిరుడు అయిదవ తరగతికి 'మాతృభాష' యను వ్యాసమును నేనే చెప్పి వ్రాయించితిని. మన భాష తీయనిదనుటతో ఆగక, ఇరుగుపొరుగు భాష కటువైనదనియు, ఆ భాషీయులకు సంస్కారము తక్కువయనియు ఒక వాక్యము చేర్చితిని. అందరును వ్రాసికొనిరి. ఒక్క బాలుడు మాత్రము కలము దించి, "అయ్యవారూ, మా యెదురింటి పాటి తమిళమే మాట్లాడును. నాకు జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి తెచ్చినది ఆమెయే. ఆమెకును సంస్కారము లేదా?" అని అడిగెను. నాకు మాట రాలేదు. ఆ వాక్యమును అందరిచేతను కొట్టివేయించితిని. ముప్పది నోటుపుస్తకములలో ఆ కొట్టివేత గీత నేటికిని ఉండవచ్చును. ఉండుటయే మంచిది.

ముస్సోలినీ ప్రభుత్వము 1943 జూలైలో కూలిపోయెను. 1946లో ఆస్ట్రియాతో కుదిరిన ఒడంబడికలో దక్షిణ టిరోల్ పిల్లలకు మాతృభాషలో చదువుకొను హక్కును అంగీకరించిరి. అధికారము పడిపోవుటకు ఒక్క దినము చాలును; చిన్ననాట మనసున పడిన బొమ్మ చెరగుటకు ఎన్నేండ్లు పట్టునో!

కావున నా ప్రార్థన ఒక్కటే. రాత్రి భోజనమైన పిదప మీ బిడ్డ సంచి తెరవుడు. మార్కులకు ముందు అట్టలను చూడుడు. "ఇది చదివి ఎవరిని మెచ్చితివి? ఎవరిని ఏవగించుకొంటివి?" అని అడుగుడు. రెండవ ప్రశ్నకు బిడ్డ వెంటనే జవాబు చెప్పినచో, మరునాడు ఉదయమే నా గదికి రండు. తప్పు నాదైనను నిర్భయముగ చెప్పుడు. ఎదురింటి పాటిని తలచుకొని కలము దించిన ఆ బాలుని వంటి పిల్లలు ఇంటింట నున్నంతకాలము మన బడికి భయము లేదు.