స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి ఏ బ్రౌజర్ మంచిది?

టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ వాడే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఏ బ్రౌజర్ పెట్టుకోమంటావు?" ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

ముందు ఒక సంగతి చెప్తాను. నెల్లిమర్ల వైపు నుంచి వచ్చి విజయనగరంలో డిగ్రీ చదువుతున్న తమ్ముడు ఒకడున్నాడు. నాలాగే చూపు లేదు. వాడికి పుస్తకమైనా, బ్యాంకైనా ఫోనే. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫైలు పంపారు, తేలికైన బ్రౌజరు, తెలుగు బాగా చదువుతుందని. ఇన్‌స్టాల్ చేశాడు. అది యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగింది. టాక్‌బ్యాక్ ఉండేది కూడా ఆ సెట్టింగుల్లోనే కదా, మామూలే అనుకుని ఆన్ చేసేశాడు. రెండు రోజుల్లో పరీక్ష ఫీజుకి దాచుకున్న డబ్బు పోయింది. "నాను ఓటీపీ ఎవులికీ సెప్పనేదన్నా" అని ఒకటే ఏడుపు.

నిజమే, వాడు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ పర్మిషన్ ఉన్న యాప్ స్క్రీన్ మీదున్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. టాక్‌బ్యాక్ మనకి సాయం చేసేది ఆ శక్తితోనే. అదే శక్తి దొంగ చేతిలో పడితే ఇదిగో, ఇలా అవుతుంది. అందుకే మొదటి మాట: బ్రౌజర్‌కి యాక్సెసిబిలిటీ పర్మిషన్ అక్కర్లేదు. అడిగిందంటే వెంటనే తీసేయండి. ప్లే స్టోర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ బ్రౌజర్ దించుకోవద్దు.

రెండోది, అప్‌డేట్లు. మనలో చాలామందికి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, అందులో విండోస్ 7. దానికి క్రోమ్ 109తోనే ఆగిపోయింది, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి పనిచేయదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కైతే మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవు చెప్పేసింది. అప్‌డేట్ రాని బ్రౌజర్‌లో బ్యాంకు పని పెట్టుకోవడమంటే తలుపు తీసి పడుకోవడమే.

అలాగని ఒక్క బ్రౌజర్‌నే నమ్ముకోకండి. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు అందరికీ వేగం పెరిగింది, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి మాత్రం బాగా నెమ్మదించింది. తర్వాత సరిచేశారు. అందుకే నా సలహా: కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏతో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ ఒకటి, పక్కన ఫైర్‌ఫాక్స్. ఫోన్‌లో క్రోమ్, తోడుగా ఫైర్‌ఫాక్స్. ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది.

మూడోది, మీరే పరీక్షించుకోండి. రోజూ వాడే సైటు తెరిచి, ఎన్‌వీడీఏలో హెచ్ నొక్కితే హెడ్డింగులు, బి నొక్కితే బటన్లు, ఎఫ్ నొక్కితే ఫారం గడులు వస్తున్నాయా చూడండి. రెండు బ్రౌజర్లలోనూ పేరు చెప్పకుండా ఉత్తి "బటన్" అనే వినిపిస్తోందా? అయితే తప్పు చాలావరకు సైటుదే. దానికోసం మూడో బ్రౌజర్ వెతుక్కోకండి, ఆ సంస్థకి ఫిర్యాదు పెట్టండి. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. మనం అడుగుతున్నది దయ కాదు.

నాలుగోది, అడ్రస్. దొంగ సైటు పేరులో ఒక్క అక్షరమే తేడా ఉండొచ్చు, చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. కంప్యూటర్‌లో ఆల్ట్, డి కలిపి నొక్కి అడ్రస్ బార్‌కి వెళ్లి, బాణం కీతో ఒక్కో అక్షరం వినండి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ రీడింగ్ కంట్రోల్స్‌లో క్యారెక్టర్స్ ఎంచుకుంటే అలాగే చదువుతుంది. మన బ్యాంకుల అడ్రస్‌లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగుస్తాయి, రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం అది. "కనెక్షన్ సెక్యూర్" అని వినిపించినంత మాత్రాన సైటు మంచిదని కాదు, మధ్యలో ఎవరూ వినలేరని మాత్రమే. అవతల ఉన్నవాడే దొంగైతే?

ఒకవేళ డబ్బు పోయిందా, సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. మా తమ్ముడు ఇంట్లో తిడతారని రెండు రోజులు ఆగాడు. అదే వాడి కొంప ముంచింది.

ఈ వీడియో అయ్యాక ఒక పని చేయండి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ తెరిచి, టాక్‌బ్యాక్ కాకుండా ఇంకేవి ఆన్‌లో ఉన్నాయో వినండి. తెలియని పేరు వినిపిస్తే ఆపేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.