సికింద్రాబాదు పాత కార్డులు



2008లో విమానాశ్రయం రాకముందు మన శంషాబాదు ఎట్లుండేదో పిల్లలకు చూపిద్దామంటే నా దగ్గర ఒక్క ఫోటో లేదు. సికింద్రాబాదుకు ఆ కొరత లేదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో వెలసిన ఆ కంటోన్మెంటు ఊరి బొమ్మల కార్డులను దొరలు తమ దేశానికి పంపుకున్నారు. వాటినే నేను ఏరుకుంటున్నాను.

వెనక నిలువు గీత లేదంటే కార్డు బాగా పాతదన్నమాట. అప్పట్లో వెనకంతా చిరునామాకే; కబుర్లు బొమ్మ పక్కన ఇరికించాలి. బ్రిటన్‌లో 1902లో గీత కార్డులు వచ్చాయి.

మా దాదా కంటోన్మెంటులో దర్జీ. ఆయన దాచిన కార్డులను పెట్టెతో సహా కిలోల లెక్కన మేమే అమ్మేశాం. ఇప్పుడు అవే డబ్బిచ్చి కొంటున్నాను!

మీ ఇళ్లల్లో ఉంటే పారేయకండి. దాదీని, నానీని అడిగి, అది ఏ వీధో వెనక పెన్సిలుతో రాయండి. పెన్ను మాత్రం వద్దు, సిరా ఇవతలికి ఊరుతుంది.