ముట్లుడిగే వయసులో నలుగురి తోడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను స్త్రీల వైద్యురాలిని కాబట్టి ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు నిర్వాహకులు. ఇలాంటి సభల్లో ఎవరూ ఎత్తని విషయమే ఎత్తుతున్నాను. ముట్లుడగడం, అందరూ ఇప్పుడు మెనోపాజ్ అంటున్నది. మగవాళ్ళు లేచి టీకి వెళ్ళకండి. మీ ఇళ్ళలోనూ ఈ వయసువాళ్ళున్నారు.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు. సాధారణంగా 45, 55 ఏళ్ళ మధ్య జరుగుతుంది. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఎక్కుతూ దిగుతూ తగ్గిపోతుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, పట్టని నిద్ర, చిన్నమాటకే కోపం, ఊరికే ఏడుపు, మతిమరుపు. ఇది జబ్బు కాదు, కానీ బాధ మాత్రం నిజం.

సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోతారు. అత్తమామలు మంచాన పడే రోజులూ అవే. వెనకటికి సాయంత్రం అరుగుల మీద నలుగురు చేరేవారు. ఇప్పుడు ఫ్లాటు తలుపు వేస్తే పక్కింటావిడ పేరు కూడా తెలియదు. “నాకేదో అయిపోతోంది” అని ఒక్కతే కుమిలిపోతుంది.

స్నేహితురాలితో మాట్లాడితే ఆవిర్లు ఆగిపోతాయని నేను చెప్పను. వాటికి మందులున్నాయి, ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరు చూడాలి. కానీ “నాకూ అంతేనే” అని ఒకరు అంటే సగం భయం పోతుంది. ఏది మామూలో, ఏది కాదో తెలుస్తుంది. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనపడితే వెంటనే చూపించుకోవాలి. “వయసు కదా” అని ఊరుకునే మనిషిని చెయ్యిపట్టి ఆసుపత్రికి తీసుకొచ్చేది తోటి ఆడదే.

మన రాష్ట్రాల్లో ఈ తోడు మరీ అవసరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8. వాటిలో తప్పనిసరైన ఆపరేషన్లు ఉన్నాయి. “పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచితో పనేముంది” అంటే తలూపి చేయించుకున్నవీ ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకలు తొందరగా గుల్లబారతాయి. “ఇంకో డాక్టరుకు కూడా చూపించావా?” అని అడిగే మనిషి ఒకరుంటే ఆ నిర్ణయం నిదానంగా జరుగుతుంది.

మొదటిసారి ముట్టయినప్పుడు మనలో చాలామంది అమ్మకన్నా ముందు పక్కబెంచీ పిల్లకే చెప్పుకున్నాం. మొదలైనప్పుడు గుసగుసగానైనా చెప్పుకున్న మాటను, ముగిసేటప్పుడు ఎందుకు మింగేస్తున్నాం?

అందుకే ఒక విన్నపం. ప్రతి బ్యాచ్ ఆడవాళ్ళూ విడిగా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. గుడ్ మార్నింగ్ పూలబొమ్మలతో సరిపెట్టకుండా “రాత్రి నిద్రపట్టిందా?” అని అడగండి. ఒకే ఊళ్ళో ఉన్నవారు కలిసి నడవండి. నడక ఎముకలకు బలం, కబుర్లు మనసుకు బలం. డ్వాక్రా సంఘాల్లో ఉన్నవారు పొదుపు లెక్కలయ్యాక పది నిమిషాలు ఈ మాట ఎత్తండి. రిటైరైన మన టీచరమ్మలు ఈ దారి దాటి వచ్చినవారు. అమ్మా, మీరు మాకు పాఠాలు చెప్పారు, ఈ పాఠం కూడా చెప్పండి.

అన్నయ్యలూ, తమ్ముళ్ళూ! ఇంట్లో ఆవిడ కసురుకుంటే తిరిగి కసరకండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. స్నేహితురాళ్ళను కలిసొస్తానంటే “ఇప్పుడెందుకు” అనకండి, వంట ఆ పూట మీరు చూసుకోండి.

ఇవాళ భోజనాల దగ్గర ఎన్నాళ్ళుగానో మాట్లాడని ఒక్క స్నేహితురాలి ఫోన్ నంబరైనా తీసుకోండి. వచ్చే ఆదివారంలోగా ఆమెకు ఫోన్ చేయండి. సెలవు.